పొట్టేలు కుంటితే... మందకే చేటు!

వాన పడితే పచ్చిక మొలుస్తుంది, గొర్రెలు ఎదకొస్తాయి. అదే వానకు దొడ్డి బురదవుతుంది, గిట్టలు చెడతాయి. ఈ రెండూ ఒకే నెలలో వచ్చిపడే మన దగ్గర డిసెంబరులో ఎన్ని పిల్లలు పడతాయన్నది మే నెలలో ఎవరు ఎన్ని కాళ్లు ఎత్తి చూశారన్న దాన్ని బట్టే ఉంటుంది!

సాయంత్రం ఆరు దాటింది. మంద ఇంటిదారి పట్టింది. ముందు ముసలి గొర్రెలు, వాటి వెనక ఈడు గొర్రెలు, ఆ వెనక మారాం చేస్తూ పిల్లలు. అన్నిటికంటే వెనక... ఎప్పుడూ ముందుండే పొట్టేలు! మూడు కాళ్ల మీద అడుగేస్తోంది. నాలుగోది నేలకు ఆనీ ఆననట్టుగా ఉంది.

''ఏందిరా, పొట్టేలు ఎనక వడ్డది?'' అరుగు మీద కూర్చున్న పెద్దాయన అడుగుతాడు.

''ముల్లు గుచ్చుకున్నట్టున్నది తాతా. పొద్దుగాల చూస్త'' అంటాడు మనవడు.

పొద్దున చూడడు. చూడాలని లేక కాదు. తొలకరి పడిన వారం అది. చేలో విత్తనం పడాలి, ఎరువుల దుకాణం ముందు వరసలో నిలబడాలి. ఒక గొర్రె కుంటడం అంత పెద్ద విషయమా? మూడోరోజుకు ఇంకో రెండు కుంటుతాయి. వారం తిరిగేసరికి మందలో అక్కడో పొట్టేలు, ఇక్కడో గొర్రె ముందు మోకాళ్ల మీద కూర్చుని గడ్డి కొరుకుతూ కనిపిస్తాయి. అప్పుడు మైలతుత్తం పొట్లం కోసం పరుగు!

పాలమూరు పల్లెల్లోనైనా, అనంతపురం బీళ్లలోనైనా, ప్రకాశం, నెల్లూరు జిల్లాల మెట్టల్లోనైనా గొర్రెలున్న ప్రతిచోటా జూన్, జులై నెలల్లో కనిపించే దృశ్యమే ఇది. అసలు నష్టం అప్పుడు తెలియదు. అయిదు నెలలయ్యాక, చలికాలంలో, ఈతల వేళ తెలుస్తుంది. 'ఈసారి పిల్లలు తక్కువ పడ్డయి' అనుకుంటారు. మేత బాగాలేదనో, గ్రహచారమనో సరిపెట్టుకుంటారు. జూన్‌లో కుంటిన కాలికీ, డిసెంబరులో తగ్గిన పిల్లలకూ ముడిపెట్టేవాళ్లు అరుదు.

ఒక్కటే మగ... ఇరవై ఆడ!

లెక్క చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, సుమారు కోటీ 90 లక్షలు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, కోటీ 76 లక్షలు. ఆదివారం పొద్దున్నే మటన్ దుకాణం ముందు నిలబడే మనకు అదో గర్వకారణమే కావచ్చు. కానీ ఇన్ని గొర్రెల్లో మంద పెరగడానికి కారణమయ్యే పొట్టేళ్లు చాలా తక్కువ. పాతిక, ముప్ఫై గొర్రెలకు ఒక్కటి చాలంటారు పశువైద్యులు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీ మీద గొర్రెల పంపిణీ మొదలుపెట్టినప్పుడు ఒక్కో లబ్ధిదారుకు ఇచ్చిన లెక్క కూడా అదే: ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు.

ఒక గొర్రె కుంటితే పోయేది ఒక పిల్ల. ఆ ఒక్క పొట్టేలు కుంటితే ఇరవై గొర్రెలూ ఆగిపోయినట్టే.

గొర్రె ప్రతి 17 రోజులకోసారి ఎదకొస్తుంది. ఆ ఎద ఉండేది ఒక రోజో, ఒకటిన్నర రోజో. ఆవులా అరిచి గోల చేయదు, ఎవరికీ తెలియనివ్వదు. కనిపెట్టాల్సింది పొట్టేలే. అది మందంతా కలియతిరగాలి, ఒక్కో గొర్రెనూ వాసన చూడాలి, వెంటపడాలి. తర్వాత దాటే సమయంలో తన బరువు మొత్తాన్నీ వెనక కాళ్ల మీద ఆపుకోవాలి. వెనక గిట్టలో పుండున్న పొట్టేలు ఆ పని చేయలేదు. ఒకటి రెండుసార్లు ప్రయత్నించి మానుకుంటుంది. ముందు కాలు కుంటిదైతే దాటగలదేమోగానీ దిగేటప్పుడు ఆ నొప్పి మీదే దిగాలి. పైగా రోజంతా తిరిగే ఓపిక ఉండదు. చెట్టు నీడన పడుకుంటుంది. చూసేవాళ్లకు మాత్రం 'మందలో పొట్టేలు ఉంది' అన్న భరోసా!

అలా ఒక ఎద తప్పితే 17 రోజులు. రెండు తప్పితే 34. మూడు తప్పితే దాదాపు రెండు నెలలు. గొర్రె చూడి కాలం 150 రోజులకు కాస్త అటూ ఇటూ. జులై మధ్యలో కట్టిన గొర్రె డిసెంబరు మధ్యలో ఈనుతుంది. అప్పటికి చేలల్లో కోతలైపోయి కొయ్యకాళ్లుంటాయి, గట్లమీద పచ్చి ఉంటుంది, తల్లికి పాలుంటాయి. అదే సెప్టెంబరు దాకా ఆలస్యమైతే పిల్ల పుట్టేది ఫిబ్రవరిలో. తల్లి పాలతో పెరగాల్సిన మూడు నెలలూ ఎండల్లోనే. మేత కోసం పది కిలోమీటర్లు నడిచొచ్చిన తల్లి దగ్గర పాలెక్కడివి? పిల్ల బతికినా బక్కచిక్కి ఉంటుంది. కుంటుబోతు పొట్టేలు చేసే అసలు నష్టం ఇక్కడుంది. పిల్లలు పుట్టకపోవడం కంటే తప్పు కాలంలో పుట్టడం ఎక్కువ బాధ పెడుతుంది.

చల్లటి దేశాల గొర్రెలకు పగటి వెలుతురు తగ్గే శరదృతువులో మాత్రమే ఎద వస్తుంది. మన నెల్లూరు, దక్కనీ జాతులకు ఆ పట్టింపు లేదు. ఏడాదిలో ఎప్పుడైనా ఎదకు రాగలవు. కాకపోతే వేసవంతా ఎండుగడ్డి, రాలిన తుమ్మకాయలతో గడిపిన గొర్రె తొలకరి పచ్చిక కడుపునిండా తిన్నాక ఒక్కసారిగా తేరుకుంటుంది. అందుకే జూన్ చివర్నుంచి ఆగస్టు దాకా ఎక్కువ గొర్రెలు ఎదకొస్తాయి. ప్రకృతి ఇచ్చిన ఆ వరంతోపాటే చిక్కూ వచ్చింది. గిట్టలు పాడయ్యేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. వాన మొదలయ్యాక కాళ్లు చూద్దామంటే కుదరదు. నేల గట్టిగా, పొడిగా ఉన్న రోహిణి కార్తెలోనే ఆ పని అయిపోవాలి.

బురద తలుపు తీస్తుంది... దొంగ వేరే!

'వానకు గిట్టలు నాని కుళ్లాయి' అనడం మన దగ్గర అలవాటు. వందేళ్ల కిందట ప్రపంచమంతా ఇంచుమించు అలాగే అనుకునేది. ఆస్ట్రేలియాలో బెవరిడ్జ్ అనే పశువైద్య శాస్త్రవేత్త 1941లో అసలు సంగతి బయటపెట్టారు. ఫుట్‌రాట్ అనే ఈ గిట్టలు కుళ్లే జబ్బు ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకు అంటుకునేదనీ, దానికి మూలం ఒక ప్రత్యేకమైన సూక్ష్మజీవి అనీ ఆయన తేల్చారు. ఇప్పుడు దాన్ని డైకిలోబ్యాక్టర్ నొడోసస్ అంటున్నారు. పేరు నోరు తిరగకపోయినా దాని పద్ధతి తెలుసుకోవడం అవసరం.

గొర్రె పేడలో, దొడ్డి మట్టిలో ఎప్పుడూ ఉండే ఒక సూక్ష్మజీవి ఫ్యూసోబ్యాక్టీరియం. గిట్టల మధ్య చర్మం రోజుల తరబడి తడిలో నాని మెత్తబడినప్పుడు ముందుగా ఇది లోపలికి దూరుతుంది. చర్మం ఎర్రబడుతుంది, తెల్లగా పొర కడుతుంది. అంతవరకే అయితే పొడి నేల మీదికి మారిస్తే చాలు, చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. కానీ ఆ తలుపు తెరిచి ఉన్నప్పుడే నొడోసస్ కూడా చేరితే... గిట్ట అడుగున గట్టి పొరకూ లోపలి మాంసానికీ మధ్య ఉన్న బంధాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. గిట్ట లోపల్నుంచి విడిపోతుంది. అప్పుడొచ్చే వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. అనుభవమున్న కాపరి కాలు ఎత్తకముందే ఆ వాసనతో పోల్చుకుంటాడు.

ఈ దొంగకు ఒక బలహీనత ఉంది. అది బతికేది గొర్రె గిట్టలోనే. బయట మట్టిలో రెండు వారాలకు మించి నిలబడటం కష్టం, పొడి మట్టిలో అంతకాలం కూడా ఉండలేదు. అంటే ఎండాకాలమంతా దొడ్డి మాడిపోయినా మళ్లీ జూన్‌లో జబ్బు మొదలైందంటే అది నేలలోంచి రాలేదు. మందలోనే ఏదో ఒకటి రెండు గొర్రెల గిట్టల మడతల్లో, వంకర తిరిగిన గోరు చాటున దాక్కుని వచ్చింది. లేదంటే అంగడిలో కొన్న కొత్త గొర్రెతో వచ్చింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1988లో ఈ జబ్బును నిర్మూలించే పని మొదలుపెట్టి రెండు దశాబ్దాల్లో దాదాపుగా తరిమేసింది. ఈ ఒక్క బలహీనతను పట్టుకునే! వేసవిలో ప్రతి కాలూ చూడటం, దాచుకున్నవాటిని పట్టుకోవడం, తగ్గనివాటిని మందలోంచి తీసేయడం. అంతే.

ఇదంతా చలిదేశాల గొడవ అనుకోవడానికి లేదు. మన దేశంలో ఈ జబ్బు మీద మొదట్లో ఎక్కువ అధ్యయనాలు కశ్మీర్‌లో జరిగినమాట నిజమే. అయితే తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కశ్మీర్ పరిశోధకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ మందల్ని పరిశీలించి, ఉష్ణమండలంలోని ఇక్కడి గొర్రెల గిట్టల్లోనూ అదే నొడోసస్ ఉందని నిర్ధరించారు. ఆ ఫలితాలు 2013లో అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయ్యాయి.

కుంటే ప్రతి కాలూ కుళ్లు కాదు

రోహిణి కార్తెలో ఓ పొద్దున్నే, ఎండ ముదరకముందు, మందను దొడ్డిలోనే ఆపాలి. ఒక్కోదాన్నీ పట్టుకుని కూర్చోబెట్టి నాలుగు కాళ్లూ చూడాలి. యాభై గొర్రెలంటే రెండొందల కాళ్లు. ఇద్దరు మనుషులకు ఓ పూట పని. అందులో ముప్పావు వంతు కాళ్లలో ఏమీ ఉండదు. ఉన్నవాటిలో సగం ముళ్లే. సర్కారు తుమ్మ పెరిగిన బీళ్లలో మేసిన గొర్రెకు గిట్టల సందులో ముల్లు విరిగి ఉండిపోవడం మామూలు. పల్లేరుకాయ సరేసరి. ముల్లు తీసి శుభ్రంగా కడిగి అయోడిన్ రాస్తే నాలుగు రోజుల్లో మానుతుంది. తీయకుండా వదిలేస్తే ఆ గాయమే వానాకాలంలో పుండుకు దారవుతుంది.

రెండు గిట్టల మధ్య ముందువైపు చిన్న రంధ్రం ఒకటి కనిపిస్తుంది. నొక్కితే మైనంలాంటి పదార్థం బయటికొస్తుంది. అది జబ్బు కాదు! గొర్రెకు పుట్టుకతో ఉండే గ్రంథి. నడిచిన దారిలో వాసన వదలడానికి పనికొస్తుందంటారు. మేకకు అది ఉండదు. తెలియనివాళ్లు పురుగు పట్టిందనుకుని పొడిచి పుండు చేస్తుంటారు. మట్టి, గడ్డిముక్కలు అడ్డుపడి వాచినప్పుడు మాత్రం వేళ్లతో మెల్లగా నొక్కి శుభ్రం చేయాలి.

ఇక జ్వరంతో పాటు నోట్లో పొక్కులు, చొంగ కనిపిస్తూ ఒక్కసారిగా చాలా గొర్రెలు కుంటుతుంటే అది గాలికుంటు కావచ్చు. పెదవులు, ముక్కు వాచి, గిట్ట మొదట్లో వెంట్రుకలు ఆగిపోయే చోట ఎర్రగా చార పడిందంటే నీలినాలుక అని అనుమానించాలి. చిన్న దోమల్లాంటి కీటకాలు మోసుకొచ్చే ఆ జబ్బు మన దగ్గర వానలు కురిశాక, ముఖ్యంగా సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ. ఈ రెంటికీ కాలు కడిగితే లాభం లేదు. వెంటనే పశువైద్యుణ్ని పిలవాల్సిందే. రెంటికీ టీకాలున్నాయి. వేయించాల్సిన సమయాన్ని స్థానిక పశువైద్యశాలలో ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

జింకు సల్ఫేటే మందు!

కాళ్లు చూశాక తర్వాతి పని కాలి స్నానం. తూతూమంత్రంగా చేస్తే ఇంత దండగమారి పని ఇంకోటి లేదు, శ్రద్ధగా చేస్తే ఇంత చవకైన రక్షణా ఇంకోటి లేదు. చాలా ఊళ్లలో జరిగేది మొదటిదే.

వరి పొలాల్లో జింకు లోపానికి చల్లే జింకు సల్ఫేటు ప్రతి రైతుకూ తెలిసిందే. అది పది లీటర్ల నీటికి కిలో చొప్పున కలిపితే గిట్టలకు మంచి మందు. పది అడుగుల పొడవు, అడుగు వెడల్పున్న తొట్టి కట్టి అందులో మూడంగుళాల లోతున నింపాలంటే 70 లీటర్లు పడుతుంది. అంటే 7 కిలోల జింకు. సిమెంటుతో కట్టించే స్తోమత లేకపోతే గుంత తీసి మందపాటి టార్పాలిన్ పరిచినా సరిపోతుంది. అటూ ఇటూ కంప నాటి సన్నటి దారి చేస్తే గొర్రెలు పక్కకు దూకవు. ఒక్కటి దిగితే మిగతావి వెనకే దిగుతాయి. గొర్రెదాటు సామెత ఇక్కడ కాపరికి బాగా కలిసొస్తుంది!

తొట్టిలోకి దించేముందు కాళ్లకున్న బురద కడగాలి. లేకపోతే మందు బురదకు పడుతుంది గానీ గిట్టకు కాదు. మందను ముందుగా కడుపునిండా నీళ్లు తాగించి తేవాలి. దాహంతో ఉన్న గొర్రె తొట్టిలో మూతి పెడుతుంది, ఆ నీళ్లు విషం. బాగున్న కాళ్లకు అలా నడిపిస్తే చాలు. పుండున్నవాటిని మాత్రం పది, పదిహేను నిమిషాలు అందులోనే నిలబెట్టాలి. బయటికొచ్చాక గంటసేపు పొడి నేలమీద ఉంచాలి. ఎక్కువమంది చెడగొట్టేది ఈ చివరి మెట్టునే. మందు పెట్టిన కాళ్లతో తిన్నగా బురద దొడ్డిలోకి తోలేస్తారు. తెలంగాణ, రాయలసీమ ఊళ్లకు బండరాళ్లు దేవుడిచ్చిన వరం. ఊరి పక్కన పరుపు బండ మీద మందను గంట ఆపితే గిట్ట ఆరిపోతుంది. జబ్బున్నవాటికి వారానికోసారి చొప్పున మూడు నాలుగుసార్లు చేయాలి. వాడేసిన నీళ్లు చెరువులోకో, పశువులు తాగే కుంటలోకో వదలకూడదు.

మరి తాతల నాటి మైలతుత్తం సంగతేంటి? గిట్ట కుళ్లు మీద అది పనిచేయదని కాదు. దాంట్లో ఉండేది రాగి. రాగిని తట్టుకునే శక్తి పశువులన్నిట్లోకీ గొర్రెకు తక్కువ. కాలి స్నానం తొట్టిలో రెండు గుక్కలు తాగినా, కాళ్లకు అంటుకున్నది మేత మీద పడి కొద్దికొద్దిగా కడుపులోకి పోయినా కాలేయంలో పేరుకుని ఒకరోజు ఉన్నట్టుండి ప్రాణం తీస్తుంది. జింకు దొరుకుతున్నప్పుడు ఆ సాహసం ఎందుకు? ఫార్మలిన్ కూడా కొందరు వాడతారు. ఘాటుకు మనిషి కళ్లు, ఊపిరితిత్తులు మండుతాయి. పాళ్లు కాస్త పెరిగినా గొర్రె చర్మం కాలుతుంది. పచ్చిపుండు మీద పడితే ఆ బాధకు మళ్లీ తొట్టి ముఖం చూడదు.

కత్తి ఎంతవరకు?

కాళ్లు చూడటమంటే గిట్టలు కోయడమేనని చాలామంది అనుకుంటారు. ఒకప్పటి పుస్తకాలూ అలాగే చెప్పాయి. కుళ్లిన భాగమంతా రక్తం వచ్చేదాకా చెక్కేసి మందు పోయమనేవి. ఆ మాట ఇప్పుడు మారిపోయింది. బ్రిటన్‌లో గిట్ట కుళ్లు వచ్చిన గొర్రెల మీద జరిగిన ఓ పరిశోధన 2010లో వెలువడింది. గిట్ట చెక్కకుండా, దీర్ఘకాలం పనిచేసే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వెంటనే ఇచ్చినవి తొందరగా కోలుకున్నాయి. చెక్కినవి ఆలస్యంగా! పచ్చిగాయాన్ని ఇంకా పెద్దది చేసినట్టవుతుంది మరి. పైగా ఒకదాని గిట్ట చెక్కిన కత్తితోనే ఇంకోదాన్ని చెక్కితే జబ్బును చేత్తో పంచిపెట్టినట్టే.

మన మందలకు మామూలుగా కత్తి అవసరమూ తక్కువే. రోజూ రాళ్లలో, గుట్టల్లో నడిచే గొర్రె గిట్ట నెలకు మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు పెరిగినా అంతే అరిగిపోతుంది. షెడ్లలో కట్టేసి దాణాతో పెంచేవాటికి, ముఖ్యంగా కదలకుండా మేపిన పొట్టేళ్లకు మాత్రం గోరు పెరిగి బూటు ముక్కులా పైకి తిరుగుతుంది. లోపలికి మడుచుకుని మట్టిని పట్టి ఉంచుతుంది. అలాంటివాటికి అదనంగా పెరిగిన అంచు వరకే తీయాలి. అదీ ఎదకాలానికి నెలన్నర, రెండు నెలల ముందు. రక్తపు చుక్క కనిపించిందంటే చేయి దాటిపోయినట్టే. తీసిన ముక్కలు దొడ్డిలో వదలకుండా ఏరి కాల్చేయాలి. కత్తిని ప్రతి గొర్రెకూ మందు నీళ్లలో ముంచాలి.

ఇంజెక్షన్ పేరు తెలుసుకదా అని మందుల దుకాణంలో కొని పొడిచేయడం మాత్రం వద్దు. మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఇచ్చాక ఎన్నాళ్లపాటు మాంసానికి అమ్మకూడదో కూడా లెక్కుంటుంది. ఆదివారం వంటింట్లోకి వచ్చే మాంసం సంగతి కాబట్టి ఇది కాపరి ఒక్కడి విషయమే కాదు.

పొట్టేలుకు ఎనిమిది వారాల ముందే!

గొర్రెల కాళ్లను మే చివర్లో చూసినా సరిపోతుందేమోగానీ పొట్టేలుకు గడువు ఇంకాస్త ముందుంటుంది. దాని వీర్యకణం తయారవడం మొదలై పూర్తవడానికి ఏడెనిమిది వారాలు పడుతుంది. అంటే జులై మధ్యలో పనికొచ్చే వీర్యం మే నెలలో మొదలైనదన్నమాట. మధ్యలో గిట్ట పుండుతో జ్వరం వచ్చిందనుకోండి, ఆ వేడికి అప్పుడు తయారవుతున్నవి దెబ్బతింటాయి. కాలు నయమైపోతుంది, పొట్టేలు హుషారుగా దాటుతుంది, అయినా గొర్రె కట్టదు! కాపరికి ఎంతకీ అంతుపట్టని చిక్కు ఇదే. అప్పటికి కుంటిన సంగతి మర్చిపోయి ఉంటాడు.

అందుకే మే మొదట్లోనే పొట్టేలును వేరుగా పట్టి కాళ్లు చూడాలి. ముందు కాళ్లకంటే వెనకవాటిని మరింత జాగ్రత్తగా. గిట్టలే కాదు, మోకీళ్లలో వాపు, వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా ఉన్నాయా లేదా, పళ్లు, కళ్లు అన్నీ అప్పుడే. ఎదకాలంలో పొట్టేలు మేత మర్చిపోయి తిరుగుతుంది. తన బరువులో పదో వంతుకు పైగా కోల్పోవడం మామూలే. ఒళ్లు చేసుకుని ఉంటేనే తట్టుకుంటుంది. రోజుకు పావుకిలో నుంచి అరకిలో దాణా అప్పట్నుంచే మొదలుపెట్టాలి. అలాగని పందెం పొట్టేలులా కొవ్వెక్కించినా కష్టమే. ఆ బరువంతా మళ్లీ గిట్టల మీదే!

మన మందల్లో పొట్టేలు ఏడాది పొడవునా గొర్రెలతోనే ఉంటుంది. విడిగా ఉంచి అదనులో వదలమంటారు పశువైద్యులు. ఒకటి రెండు పొట్టేళ్ల కోసం వేరే మనిషిని పెట్టలేని చిన్న కాపరికి అది కుదిరే పని కాదు. కనీసం మే, జూన్ నెలల్లో రాత్రిపూటైనా పొట్టేలును పొడి కొట్టంలో వేరుగా కట్టేస్తే గిట్టలు ఆరుతాయి, దాణా దానికొక్కదానికే అందుతుంది. రెండో పొట్టేలు ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం ఇంకా మంచిది. మాంసానికి అమ్మేద్దామనుకున్న మంచి ఈడు పొట్టేల్లో ఒకదాన్ని జులై దాకా ఆపితే అదే అక్కరకొస్తుంది.

ఆడ గొర్రెల విషయంలో ఇంకో మెలిక. ఎదకు రెండు మూడు వారాల ముందు రోజుకు 200 గ్రాములకు పైగా దాణా పెడితే గొర్రె త్వరగా ఎదకొస్తుంది, కవలలు పడే అవకాశమూ పెరుగుతుంది. కుంటే గొర్రెకు ఎంత పెట్టినా అది ఆ నొప్పికే ఖర్చు. మందతోపాటు నడవలేదు కాబట్టి మేత కూడా తక్కువే. పోనీ, ఎదకొచ్చాక చికిత్స చేద్దామా అంటే... కట్టిన తర్వాత మొదటి నెల కడుపులో పిండం ఇంకా సరిగ్గా కుదురుకోదు. ఆ సమయంలో పట్టుకుని బోర్లించడం, తరమడం, తొట్టిలోకి దూకించడం వంటివాటితో బెదిరితే పిండం నిలవకపోవచ్చు. పని ముందే ఎందుకు ముగించాలో దీన్నిబట్టి కూడా తెలుస్తుంది. నట్టల మందు, చిటుకు రోగం టీకా కూడా అదే విడతలో అయిపోతే జులై తర్వాత మందను కదపాల్సిన పనే ఉండదు.

రెండు మూడుసార్లు మందు వేసినా మళ్లీ మళ్లీ అదే కాలు చెడే గొర్రెలు ప్రతి మందలోనూ ఒకటో రెండో ఉంటాయి. 'మంచి పాలగొర్రె, ఏటా ఈనుతుంది' అని మనసొప్పదు. కానీ జబ్బును ఏడాది నుంచి ఏడాదికి మోసుకొచ్చేది అదే. దాని పిల్లను మందలో ఉంచుకుంటే గిట్టల్లో అదే బలహీనత రావచ్చు కూడా. గట్టి మనసు చేసుకుని పంపించేయాల్సిందే. అంగడిలో కొత్తగా కొన్నవాటిని, బంధువుల మందలోంచి తెచ్చిన పొట్టేలునైనా సరే, మూడు వారాలు వేరుగా ఉంచి, కాళ్లు కడిగి, రెండుసార్లు తొట్టిలో దించాకే కలపాలి. పాలమూరు నుంచి కృష్ణా తీరానికి, నల్లమల వైపు వలసవెళ్లే మందలకు ఇది మరీ కష్టం. దారిలో పది మందలు ఒకే కుంటలో నీళ్లు తాగుతాయి, ఒకే మడిలో మంద కడతారు. అలాంటివాళ్లు తిరిగొచ్చాక సొంత దొడ్డిలోకి తోలేముందు ఒకసారి అన్ని కాళ్లూ చూసుకుంటే మిగతా ఏడాదికి నిశ్చింత.

వానలు మొదలయ్యాక చేయాల్సింది తక్కువే. రాత్రిపూట దొడ్డిని ఎత్తైన చోటికి మార్చడం, వాకిట్లో సున్నం చల్లడం, వారానికోసారి జింకు తొట్టి. కుంటింది కనిపించిన రోజే పక్కకు తీయడం. 'పొద్దుగాల చూస్త' అనకుండా!

పొట్టేలు పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి మన ఇళ్లలోనే ఓ సాధనం ఉంది. గడపలకు, అరుగులకు పూసే జాజు! దాన్ని నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకు పట్టించి మందలోకి వదలాలి. దాటిన ప్రతి గొర్రె నడుం మీదా ఎర్రటి మచ్చ పడుతుంది. రెండు మూడు రోజులకోసారి మళ్లీ పూయాలి. 17 రోజులయ్యాక జాజుకు బదులు నీలం కలపాలి. ఎర్రమచ్చ పడ్డ గొర్రెలు కట్టి ఉంటే వాటి మీద నీలం పడదు. నీలం పడ్డవి కొన్నే అయితే అవి రెండో విడతలో కట్టేవి, డిసెంబరులో కాక జనవరిలో ఈనుతాయని ముందే తెలిసిపోతుంది. ఎర్రటి గొర్రెలన్నీ నీలం కూడా పూసుకుని తిరుగుతున్నాయంటే పొట్టేలు దాటుతోంది గానీ కట్టించలేకపోతోంది. సిద్ధంగా ఉంచుకున్న రెండోదాన్ని వెంటనే వదలాలి. అసలు ఏ రంగూ పడకుండా మంద తెల్లగానే ఉంటే, ఆ సాయంత్రమే పొట్టేలును పట్టి కూర్చోబెట్టి వెనక కాళ్లు ఎత్తి చూడాలి.